టీవీలో పాట ఎలా వినాలి: గోదావరి డెల్టా సంగీతాభిమాని అభిప్రాయాలు

తెలుగు టీవీలో సంగీతం లేదనే మాటను నేను ఒప్పుకోను. పాటల పోటీలు వస్తున్నాయి. సప్తగిరిలో అప్పుడప్పుడు కచేరీలు వేస్తున్నారు. పాత వీణ రికార్డింగులు, గాత్ర కచేరీలు యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి, వాటినీ ఇప్పుడు టీవీలోనే పెట్టుకుని వింటున్నాం. పోయేదల్లా టీవీ వెనక బిగించిన రెండు చిన్న స్పీకర్ల దగ్గర పోతోంది. ఆ ఒక్క చోట కాస్త శ్రద్ధ పెడితే అదే కార్యక్రమం కొత్తగా వినిపిస్తుంది. ఎవరు బాగా పాడారు, ఎవరు గట్టిగా పాడారు అన్న తేడా కూడా అప్పుడే తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పాటల పోటీ. అందులోనూ వాద్యబృందం స్టేజీ మీద కూర్చుని వాయించే పోటీ. ఈటీవీలో ‘పాడుతా తీయగా’ 1996లో మొదలైంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం దాన్ని నడిపిన తీరు మీదే నా ఇష్టమంతా. పాటకు ముందు రాసినవారెవరో, బాణీ కట్టినవారెవరో చెప్పేవారు. పాట అయ్యాక “బాగుందమ్మా” అని వదిలేయకుండా, ఏ సంగతి, అంటే ఏ స్వరాల మలుపు, జారిందో ఆ ముక్కను తనే పాడి చూపించేవారు. ఆ పది సెకన్ల కోసమే కార్యక్రమం చూడొచ్చు. పిల్ల పాడింది ఒకసారి, ఆయన పాడింది ఒకసారి వెంటవెంటనే వింటే, స్వరం మీద నిలబడడానికీ స్వరాన్ని తాకి వెళ్లిపోవడానికీ ఉన్న తేడా సంగీతం రానివాళ్లకు కూడా తెలిసిపోతుంది. ఇప్పటి పోటీల్లో న్యాయనిర్ణేతల కన్నీళ్లకు, ఇంట్లోవాళ్ల ముచ్చట్లకు ఇచ్చే సమయంలో సగం ఈ దిద్దుబాటుకు ఇవ్వాలి.

పోటీ చూసేటప్పుడు నేను మొదట గమనించేది శ్రుతి ఎంపిక, అంటే పాటకు ఆధారమైన ‘స’ను ఏ ఎత్తున పెట్టుకున్నారన్నది. అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. మగవాళ్లు మామూలుగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో పాడతారు. ఆడవాళ్లది నాలుగున్నర నుంచి ఆరు దాకా. ఒకటిన్నరలో ఉన్న మగ గొంతు పాటను అమ్మాయి ఎంచుకుంటే ఐదుకో ఐదున్నరకో మార్చుకోవాలి. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. చరణంలో పైస్థాయి స్వరం అందుతుందా లేదా అని మాత్రమే చూసుకుని శ్రుతి దించుకుంటారు. తీరా పల్లవిలో మంద్రంలోకి, అంటే కిందిస్థాయిలోకి, దిగేసరికి గొంతు గాలిగా మారిపోతుంది, మాట వినపడదు. శ్రుతి పెంచితే చరణంలో గొంతు పట్టేస్తుంది. పాట మొత్తంలో అతి కిందిస్వరం, అతి పైస్వరం రెండూ పలికించి చూసి, ఆ రెంటికీ మధ్య శ్రుతి కుదరకపోతే పాటే మార్చుకోవాలి. అందుకే మొదటి రౌండ్లంటే నాకు మక్కువ. అక్కడ ఎవరి పాట వాళ్లే ఎంచుకుంటారు కాబట్టి, ఎవరికి తమ గొంతు సంగతి తెలుసో అప్పుడే బయటపడుతుంది.

శ్రుతి మారితే కష్టమంతా వాద్యాలవాళ్లది. కీబోర్డు మీద మీట నొక్కితే పని అయిపోతుంది. వేణువుకు అలా కుదరదు, ఒక్కో శ్రుతికి ఒక్కో వేణువు ఉండాలి. అందుకే వాద్యకారుడి పక్కన సంచీ నిండా వేణువులు కనిపిస్తాయి. తబలాను సుత్తితో కొట్టి మళ్లీ శ్రుతి చేయాలి, లేదా ఇంకో దాయాను (కుడిచేతి తబలాను) పక్కన సిద్ధంగా పెట్టుకోవాలి. పాటకూ పాటకూ మధ్య వ్యవధి చాలక తబలా పాత శ్రుతిలోనే ఉండిపోతే, ‘తా’ కొట్టిన ప్రతిసారీ గొంతుకు అడ్డంగా ఇంకో స్వరం మోగుతుంది. పాడే పిల్ల శ్రుతి తప్పుతోందని మనం అనుకుంటాం. అనుమానం వస్తే వాద్యాలు ఆగిపోయి గొంతు ఒక్కటే మిగిలే చోట వినండి. అక్కడ శుభ్రంగా ఉంటే తప్పు గొంతుది కాదు.

తరవాత ఉచ్చారణ. నా దగ్గర దీనికి మినహాయింపు లేదు. శ, ష, స మూడూ ఒకటే అయిపోతే, ‘ళ’ పోయి ‘ల’ వస్తే, ‘భ’ వచ్చేచోట ‘బ’ పలికితే, గొంతు ఎంత తియ్యగా ఉన్నా నేను మార్కులు తగ్గిస్తాను. అయితే ఒక జాగ్రత్త. మైకు పెదాలకు మరీ దగ్గరగా పెడితే ‘ప’, ‘ఫ’, ‘భ’ల దగ్గర గాలి తగిలి ధడ్ మంటుంది. ఆ భయానికి పిల్లలు ఒత్తు తగ్గించి పలుకుతారు. మైకును నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం పక్కకు వంచి పట్టుకుంటే గాలి దాని మీదుగా పోతుంది, ఒత్తులు నిండుగా పలకొచ్చు. పైస్థాయికి వెళ్లేటప్పుడు మైకును ఇంకో జానెడు దూరం జరిపేవాళ్లను చూడండి, వాళ్లు స్టేజీకి అలవాటుపడ్డవాళ్లు. మైకును ఒకేచోట పట్టుకుని గొంతు పెంచితే సౌండ్ ఇంజనీరు ఆ స్థాయిని నొక్కేస్తాడు, పతాక సన్నివేశం లాంటి ఆ చరణం కాస్తా చదునుగా అయిపోతుంది.

ఇక వీణ. మన గోదావరి గడ్డ మీద పుట్టినవాళ్లకు వీణ మీద మమకారం ఉండడం న్యాయం. ఈమని శంకరశాస్త్రి 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. ఆయన శిష్యుడు చిట్టిబాబు 1936లో కాకినాడలో పుట్టారు, వీణ మీద కోయిల కూత పలికించి జనం చేత ఔరా అనిపించారు. ఈ ఇద్దరి వాయింపూ టీవీలో పెట్టుకుని వింటే చాలామందికి అది ‘టంగ్ టంగ్’ మనే సన్నటి తీగ చప్పుడులాగే ఉంటుంది. దానికి కారణం లెక్కల్లోనే ఉంది. వీణను మామూలుగా మూడు శ్రుతికి అటూఇటూగా బిగిస్తారు. ఆ లెక్కన సారణి తీగ సుమారు 165 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు), పంచమం 123, మంద్రం 82, అనుమంద్రం 62. సన్నటి టీవీల్లో ఉండే స్పీకర్లు 150 హెర్ట్జ్ కిందికి వచ్చేసరికి బాగా నీరసపడిపోతాయి. అంటే నాలుగు తీగల్లో మూడింటి మూలస్వరం మన చెవిదాకా సరిగ్గా రావడమే లేదు. వాటితో పాటు పైన మోగే సన్నటి ఉపస్వరాలు మాత్రం వస్తాయి, మిగతాది మెదడు ఊహించి పూరిస్తుంది. పనస కర్ర కుండ నుంచి వచ్చే నిండుదనం ఊహకు అందేది కాదు.

గమకం, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం, దాని సంగతి ఇంకా సున్నితం. వీణలో ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి రెండు, మూడు స్వరాలు పైకి పలికించవచ్చు. మీటు ఒక్కటే, ఆ నాదం ఆరిపోయేలోపు స్వరం ప్రయాణం చేస్తుంది. ఆ ఆరిపోయే చివరి భాగంలోనే శంకరశాస్త్రి గొప్పతనమంతా ఉంది. గదిలో ఫ్యాను చప్పుడు ఉంటే మొదట మింగేసేది దాన్నే. ఒకసారి ఫ్యాను ఆపి వినండి, మీటు తరవాత ఇంకా ఎంత పాట మిగిలి ఉందో తెలుస్తుంది. మే నెలలో ఫ్యాను ఆపి కూర్చోమనడం అన్యాయమే, అందుకే వీణకు తెల్లవారుజామును మించిన వేళ లేదు. ఫ్యాను తిరగాల్సిందే అయితే రెగ్యులేటరు చూసుకోండి. గుండ్రంగా సన్నగా తిప్పే ఎలక్ట్రానిక్ రకం తక్కువ వేగంలో ఫ్యాను మోటారును గుయ్ మనిపిస్తుంది, ఒక్కోసారి ఆంప్లిఫయరులోకి కూడా ఆ రొద ఎక్కుతుంది. టకటకమని మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటరు రకం పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

ఇప్పుడు టీవీ సెట్టింగులు. ఇవి డబ్బు ఖర్చు లేని పనులు కాబట్టి ముందు చేయండి. సౌండ్ మెనూలో ‘ఆటో వాల్యూమ్’ ఆపేయండి. ప్రకటనలు మోత మోగకుండా అది పనికొస్తుంది గానీ పాటకు శత్రువు. మెల్లగా తీసిన ఆలాపనను పెంచుతుంది, వాద్యబృందం అందుకోగానే మొత్తాన్ని తగ్గిస్తుంది. గాయని గొంతు పెంచే చోటే మన ఇంట్లో శబ్దం పడిపోతుంది. ‘క్లియర్ వాయిస్’ లాంటి పేరుతో ఉండేది కూడా ఆపాలి. అది వార్తల కోసం, మాటల కోసం. మధ్య శబ్దాలను ఎత్తిపెట్టి కింది శబ్దాలను కోసేస్తుంది, దాంతో మృదంగంలో తొప్పి (ఎడమవైపు గుమ్మనే మూత) మాయమవుతుంది. ‘సరౌండ్’ ఉంటే అదీ వద్దు, గొంతు మధ్యలో నిలబడకుండా గది నిండా చెదిరిపోతుంది. సెట్‌టాప్ బాక్సు వాల్యూమును పూర్తిగానో, ఒకటి రెండు గీతలు తక్కువగానో ఉంచి, పెంచడం తగ్గించడం టీవీ దగ్గరే చేయాలి. బాక్సులో తగ్గించి టీవీలో పెంచితే పాటతో పాటు బుస కూడా పెరుగుతుంది.

ఆ తరవాత బయటి స్పీకర్లు. సౌండ్‌బార్ కొనేవాళ్లు దాన్ని బ్లూటూత్‌తో కలిపి ఊరుకుంటున్నారు. అలా చేస్తే శబ్దం కొంచెం ఆలస్యంగా వస్తుంది, పెదాలు ముందు, పాట వెనక. తబలా మీద చెయ్యి పడ్డాక దెబ్బ వినిపిస్తే లయ అంటే ప్రాణం పెట్టేవాడు ఆ కార్యక్రమం చూడలేడు. బ్లూటూత్ బదులు కేబుల్ వాడండి. టీవీ వెనక ‘ఏఆర్‌సీ’ (టీవీ శబ్దాన్ని బయటికి పంపే దారి) అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రంలోనే దాన్ని పెట్టాలి, పక్కదాంట్లో పెడితే శబ్దం రాదు. టీవీ మెనూలో అవుట్‌పుట్‌ను ‘పీసీఎం’ (కుదించని మామూలు డిజిటల్ శబ్దం)కు మార్చుకుంటే ఎక్కువ ఇబ్బందులు తీరిపోతాయి. నా ఓటు మాత్రం పాత స్టీరియో ఆంప్లిఫయరు, రెండు చెక్క స్పీకర్లకే. అటక మీద పడి ఉన్నవి చాలా ఇళ్లలో ఉన్నాయి. టీవీ ఆప్టికల్ అవుట్ నుంచి ఒక చిన్న డిజిటల్-అనలాగ్ కన్వర్టరు పెట్టి, అక్కడి నుంచి ఎరుపు, తెలుపు పిన్నులు ఆంప్లిఫయరుకు ఇస్తే సరిపోతుంది. ఆరంగుళాల కోను ఉన్న స్పీకరు వీణ మంద్రాన్ని చక్కగా పలుకుతుంది.

ఆంప్లిఫయరు కలపగానే ‘హుమ్’ మని సన్నటి రొద మొదలైందంటే కంగారు పడొద్దు. ముందు టీవీ వెనక కేబుల్ వైరు ఊడదీసి చూడండి. రొద ఆగిపోతే, ఎర్తు రెండు దారుల్లో కలిసి చుట్టు తిరుగుతోందని అర్థం. ఆప్టికల్ తీగలో కరెంటు పారదు, కాంతి మాత్రమే పోతుంది కాబట్టి టీవీకీ ఆంప్లిఫయరుకూ మధ్య అదొక్కటే ఉంటే ఆ చుట్టు తెగిపోతుంది. రొద పోవాలని ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేసేవాళ్లున్నారు, అది మాత్రం ఎప్పుడూ చేయకూడదు, ప్రాణం మీదికొస్తుంది.

స్పీకర్లు మూలల్లో పెట్టొద్దు, కింది శబ్దం ఉబ్బిపోయి మాట మసకబారుతుంది. గోడకు కనీసం అడుగున్నర దూరం, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తు, రెండు స్పీకర్లకూ మనకూ మధ్య మూడు వైపులా దాదాపు సమానమైన దూరం. పెంకుటిళ్లలో పాట బాగుండేదని పెద్దవాళ్లు అంటారు, అందులో నిజముంది. వాలు కప్పు, చెక్క దూలాలు శబ్దాన్ని చెదరగొడతాయి. డాబా ఇంట్లో టైల్సు, సున్నం గోడలు, సామాను తక్కువ ఉన్న హాలు అంటే చప్పట్లు కొడితే తిరిగి మోగుతుంది. మందపాటి కర్టెను ఒక గోడకు, కింద ఒక జంపఖానా, వీలైతే పరుపున్న మంచం ఒకటి అదే గదిలో. మళ్లీ చప్పట్లు కొట్టి చూడండి.

మన ప్రాంతపు అసలు సమస్య తేమ. అంతర్వేది, ఓడలరేవు వైపు అయితే ఉప్పుగాలి కూడా. పిన్నుల మీద పచ్చగా కిలుం పడుతుంది, ఎడమ స్పీకరు ఉన్నట్టుండి ఆగిపోతుంది, పిన్ను కదిపితే వస్తుంది. మెకానిక్కును పిలిచేముందు ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన గుడ్డతో పిన్నులు తుడిచి, రంధ్రంలో నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. వాల్యూమ్ బటన్ తిప్పితే గరగరలాడేది కూడా ఇదే జబ్బు. స్పీకరు కోను చుట్టూ ఉండే ఫోము మన వాతావరణంలో పొడిపొడిగా రాలిపోతుంది, వేలితో తాకితే చేతికి అంటుకుంటుంది. కొనేటప్పుడే రబ్బరు అంచు ఉన్నది చూసుకోవాలి. పాతదానికి కొత్త అంచు వేయించుకోవచ్చు, స్పీకరు మొత్తం మార్చనక్కర్లేదు. వానాకాలంలో వాడకపోయినా వారానికి రెండుసార్లు ఆంప్లిఫయరు ఓ గంట వేసి ఉంచితే లోపలి వేడికి తేమ ఆరుతుంది.

డిష్ పెట్టుకున్నవాళ్లకు కోనసీమలో కొబ్బరిచెట్టే పోటీ. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. మన దగ్గరి నుంచి చూస్తే అది దక్షిణానికి తూర్పుగా సుమారు 35 డిగ్రీలు తిరిగి, ఆకాశంలో 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంత పైకి చూడాలి కాబట్టి దూరంగా ఉన్న చెట్లు అడ్డం రావు, ఇంటిని ఆనుకుని ఉన్న చెట్టు మట్టలే అడ్డం. గాలి లేనప్పుడు బొమ్మ బాగుండి, గాలి వీచగానే పాట ముక్కలు ముక్కలుగా తెగుతుంటే డిష్ తప్పు కాదు, మట్ట ఊగి దారికి అడ్డం వస్తోంది. డిష్‌ను రెండు గజాలు పక్కకు జరిపితే చాలు, చెట్టు కొట్టొద్దు. పెద్ద వానలో సిగ్నలు పోవడం మాత్రం ఎవరూ ఆపలేరు, ఆ తరంగాల పొడవు చాలా చిన్నది కాబట్టి వానచుక్కలు వాటిని మింగేస్తాయి. అయితే వాన వెలిసి గంటైనా సిగ్నలు రాకపోతే డిష్ దగ్గర తీగ బిగించే కనెక్టరులో నీళ్లు చేరి ఉంటాయి. దానికి రబ్బరు టేపు చుట్టి, తీగను కిందికి ఒక వంపు తిప్పి తరవాత ఇంట్లోకి తేవాలి. నీళ్లు వంపు దగ్గరే కారిపోతాయి. ఉరుములు వచ్చేలా ఉంటే పోటీ ఫైనల్ వస్తున్నా సరే ముందే తీగ ఊడదీయాల్సిందే.

సీరియళ్ల గురించి నా మాట చిన్నది. టైటిల్ పాటలు నాకు ఇష్టం. నిమిషంలో పల్లవి, ఒక చిన్న చరణం, కథ మొత్తం రంగు చెప్పాలి, అది తేలికైన పని కాదు. కానీ సీరియల్ లోపల ప్రతి చూపుకూ ఢమాల్ మనిపించే నేపథ్య సంగీతం ఆ టైటిల్ పాట కట్టినవాళ్ల కష్టాన్ని చెడగొడుతోంది. నేపథ్యంలో నిశ్శబ్దాన్ని వాడుకోవడం కీరవాణి దగ్గర నేర్చుకోవాలి. కొవ్వూరులో పుట్టి 2023లో ఆస్కార్ అందుకున్నాడని చెప్పుకోవడంతో ఆగిపోకుండా, ఒక సన్నివేశంలో ఆయన వాద్యాలను ఎక్కడ ఆపేస్తాడో చూడాలి.

స్పీకర్లు కుదిరాక మొదట ఏం వినాలని అడిగితే మంగళంపల్లి బాలమురళీకృష్ణ అంటాను. 1930లో మన శంకరగుప్తంలో పుట్టినవాడు. విజయవాడ ఆకాశవాణి పొద్దుటి కార్యక్రమం భక్తిరంజనికి ఆయన చేసిన పని తెలుగు ఇళ్లలో తెల్లవారుజామును మార్చేసింది. రామదాసు కీర్తనల్లో ఏదైనా సరే పెట్టి, గొంతు పైనుంచి మంద్రంలోకి దిగే చోట ఆగండి. కింద కూడా ప్రతి అక్షరం విడివిడిగా వినిపించిందంటే మీ అమరిక సరిగ్గా ఉన్నట్టే. గుమ్మని ఉబ్బితే స్పీకర్లను గోడకు ఇంకొంచెం దూరం జరపండి.

ఒక్క కోరిక మాత్రం టీవీవాళ్లకు ఉంది. పోటీల్లో పద్యానికి ఒక రౌండు పెట్టండి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరిది భీమవరం దగ్గరి యండగండి, ఇంకొకరిది కడియం. వాళ్ల నాటక పద్యాలు డెల్టాలో స్టేజీ ఎక్కని ఊరు అరుదు. పద్యం పాడడంలో గాయకుడి సత్తా దాచుకోవడానికి వీలుండదు. తాళం లేదు కాబట్టి లయ వెనక దాక్కోలేడు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి (పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు) పదో అక్షరం దగ్గర. చంపకమాలకు 21, యతి 11. శార్దూలానికి 19, యతి 13. మత్తేభానికి 20, యతి 14. తెలుగు వృత్తాల్లో మాట పాదం దాటి పక్క పాదంలోకి పోతుంది. పాదం అయిపోయింది కదా అని ఊపిరి తీస్తే మాట రెండు ముక్కలవుతుంది, అర్థం పోతుంది. అర్థం ఎక్కడ ఆగితే అక్కడే ఊపిరి తీసి, మిగతాది ఒక్క బిగిని లాగి, నాలుగో పాదం చివర ఆలాపన అందుకోవాలి. ఆలాపన కోసమే గొంతు దాచుకుని మొదటి మూడు పాదాలూ గబగబా చదివేసేవాళ్లకు మార్కులు వేయకూడదు. ఈ రౌండుకు కీబోర్డు, డ్రమ్సు ఏవీ వద్దు, హార్మోనియం ఒక్కటి చాలు. ఇంకో మైకు దాని తిత్తికి మరీ దగ్గరగా కాకుండా, మెట్లకు పైన అడుగు ఎత్తులో పెట్టండి. లేకపోతే స్వరానికి ముందు గాలి చప్పుడు వినిపిస్తుంది.